అప్పు చవకైంది, ఆదాయం పెరిగిందా? పొదుపు సంఘాల నుంచి పీ4 దాకా

క్లుప్తంగా: తెలుగు రాష్ట్రాల్లో మూడు దశాబ్దాలుగా నడుస్తున్న మహిళా పొదుపు సంఘాలు పేద కుటుంబాలపై అధిక వడ్డీల భారాన్ని బాగా తగ్గించాయి. అయితే అప్పు చవకగా దొరకడం వేరు, ఆదాయం పెరగడం వేరు. నిరుపేదలకు అప్పు కన్నా ముందు ఒక ఆస్తి, తిండికి భరోసా, వెంట ఉండి దారి చూపే మనిషి కావాలి. కొంత కుదురుకున్నవారికి సరుకు కొనేవారు కావాలి. కొత్తగా వస్తున్న కార్యక్రమాలను ఈ తేడా తెలిసి చూస్తేనే వాటి ఫలితాన్ని అంచనా వేయగలం.

మాట ఒకటే, పనులు వేరు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 మార్చి 30న, ఉగాది రోజున, పీ4 (పబ్లిక్, ప్రైవేట్, పీపుల్ పార్ట్‌నర్‌షిప్) కార్యక్రమాన్ని ప్రారంభించింది. సమాజంలో పైన ఉన్న 10 శాతం మంది అట్టడుగున ఉన్న 20 శాతం కుటుంబాలకు చేయూతనివ్వాలన్నది దాని ఉద్దేశం. సాయం చేసేవారిని మార్గదర్శులు అంటున్నారు, అందుకునేవారిని బంగారు కుటుంబాలు అంటున్నారు. తెలంగాణ ప్రభుత్వం కోటి మంది మహిళలను కోటీశ్వరులను చేస్తామంటూ ఇందిరా మహిళా శక్తిని నడుపుతోంది. సంఘ సభ్యురాలి కుటుంబానికి ఏడాదికి కనీసం లక్ష రూపాయల ఆదాయం రావాలని కేంద్రం లఖ్‌పతి దీదీ పథకం పెట్టింది. కేరళ 2025 నవంబరు 1న తమ రాష్ట్రంలో కటిక పేదరికం లేదని ప్రకటించింది.

పేద కుటుంబం మరొకరి మీద ఆధారపడకుండా బతకాలన్న మాట వీటన్నిటిలో వినిపిస్తుంది. దాని కోసం చేస్తున్న పని మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంది. పింఛను నెల ఖర్చుకు ఆసరా అవుతుంది. రుణమాఫీ పాత బాకీని తుడిచేస్తుంది. వడ్డీ రాయితీ అప్పు భారాన్ని తగ్గిస్తుంది. శిక్షణ చేతికి పని నేర్పుతుంది. ఇవన్నీ సంక్షేమం అనే ఒకే గంపలో పడేసరికి, దేని వల్ల ఏం మారిందో చెప్పడం కష్టమవుతోంది. పొదుపు సంఘాల కథ విడమరిచి చూస్తే ఈ చిక్కు చాలా వరకు విడిపోతుంది. ఎందుకంటే పేదరిక నిర్మూలనలో దేశం చేసిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి ఇక్కడే జరిగింది. దాని గెలుపులూ ఓటములూ రెండూ ఇక్కడే రికార్డయ్యాయి.

సారా వ్యతిరేక పోరాటం నుంచి రోజుకో రూపాయి దాకా

పొదుపు సంఘాలకు ఊళ్లలో వాడే డ్వాక్రా అనే పేరు కేంద్ర ప్రభుత్వ పథకం నుంచి వచ్చింది. గ్రామీణ ప్రాంతాల్లోని మహిళలు, పిల్లల అభివృద్ధి కోసం 1982లో యునిసెఫ్ సహకారంతో ఆ పథకం మొదలైంది. పథకం ఎప్పుడో ముగిసినా ఊళ్లలో పేరు అలాగే నిలిచిపోయింది. తొలి పదేళ్లు అది కొద్దిపాటి గ్రాంట్లు పంచే పథకంగానే సాగింది. దానికి ఊపిరి పోసింది నెల్లూరు జిల్లా.

1990ల ఆరంభంలో ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు చదువుతో పాటు తమ ఇళ్లలో సారా తెచ్చిన కష్టాల గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1992లో జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే దాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకు పొదుపు లక్ష్మి జవాబుగా వచ్చింది. రోజుకు ఒక్క రూపాయి దాచడమే ఆ పథకం.

దాదాపు అదే సమయంలో, 1992లో, జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ దేశవ్యాప్తంగా 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా బ్యాంకు లింకేజీ, అంటే సంఘాలకు బ్యాంకు రుణాలిప్పించడం, మొదలుపెట్టింది. హామీ పెట్టడానికి ఆస్తి లేనివారికి బ్యాంకు అప్పివ్వదు. కానీ పదిమంది కలిసి క్రమం తప్పకుండా పొదుపు చేసి, లోపల్లోపల అప్పులు ఇచ్చుకుని, తిరిగి కట్టిన లెక్క చూపిస్తే ఆ లెక్కనే హామీగా తీసుకోవచ్చన్నది ఆ ఆలోచన. సంఘాలు అప్పటికే ఉండడం, వాటిని నడిపే ఆడవాళ్లు ఉద్యమంలో కలిసి నిలబడినవారు కావడం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కలిసొచ్చాయి. పథకం ఇవ్వలేని నమ్మకం వారి మధ్య ముందే ఏర్పడి ఉంది.

2000లో పేదరిక నిర్మూలన సంస్థ, అందరూ సెర్ప్ అని పిలిచేది, ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు ప్రాజెక్టు వచ్చింది. 2005లో దాని పేరు ఇందిరా క్రాంతి పథం అయింది. సంఘాలు కలిసి గ్రామ సంఘంగా, గ్రామ సంఘాలు మండల సమాఖ్యగా, అవి జిల్లా సమాఖ్యగా ఏర్పడే అంచెల నిర్మాణం ఆ కాలంలోనే కుదురుకుంది. 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌ను ప్రారంభించినప్పుడు ఈ నిర్మాణం నుంచి చాలా తీసుకుంది. బిహార్‌లోనో ఒడిశాలోనో ఈ రోజు సంఘం పెట్టుకుంటున్న మహిళ వెనుక నెల్లూరు, కర్నూలు, మహబూబ్‌నగర్ పల్లెల అనుభవం ఉంది.

వెలుగు తొలి దశలో జరిగిన ఒక పని గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పేదలెవరో ఆఫీసులో కూర్చుని జాబితా రాయలేదు. ఊరి నడుమ నేల మీద ముగ్గుపిండితో, రంగులతో ఊరి పటం గీయించారు. ఏ ఇంటికి ఎంత భూమి ఉంది, ఏ ఇంట్లో ఎన్ని నెలలు తిండికి కటకట ఉంటుంది, ఎవరు వలస పోతారు అన్నది అందరి ముందూ చెప్పించి నిరుపేదలు, పేదలు, మధ్యతరగతి, కలిగినవారు అని విడదీశారు. పక్కింటివారి ఎదుట అబద్ధం చెప్పడం కష్టం. ఆదాయ ధ్రువపత్రం కన్నా ఆ పటమే నిజానికి దగ్గరగా ఉండేది.

సంఘంలో డబ్బు ఎలా తిరుగుతుంది

పదిమంది నుంచి పదిహేను మంది సభ్యులు. సమావేశంలో ప్రతి సభ్యురాలూ అనుకున్న మొత్తం పొదుపు కడుతుంది. ఆ సొమ్ము నుంచే అవసరమైనవారికి అప్పు ఇస్తారు. ఎవరికి, ఎంత, ఎందుకు అన్నది తీర్మానాల పుస్తకంలో రాసి అందరూ సంతకాలు పెడతారు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే ఐదింటినీ పంచసూత్రాలంటారు. ఆరు నెలలు ఇవి సరిగా నడిస్తే సంఘం బ్యాంకు రుణానికి అర్హమవుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 20 లక్షల రూపాయల వరకు సంఘానికి హామీ లేకుండానే రుణమివ్వాలి.

దీని వల్ల కుటుంబానికి కలిగే మొదటి లాభం వడ్డీలో కనిపిస్తుంది. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 50,000 రూపాయల అప్పుకు నెలకు 1,500, ఏడాదికి 18,000 రూపాయలు వడ్డీకే పోతాయి. 2004లో వచ్చిన పావలా వడ్డీ లెక్కలో అదే అప్పుకు ఏడాదికి 1,500 చాలు. కూలి పెరగకపోయినా, కొత్త వ్యాపారం పెట్టకపోయినా, ఆ ఇంట్లో ఏడాదికి 16,500 రూపాయలు మిగులుతాయి. 2012 నుంచి సకాలంలో కట్టినవారికి వడ్డీ పూర్తిగా తిరిగి ఇచ్చే పథకం కూడా వచ్చింది.

రెండో లాభం అంతగా లెక్కలకెక్కదు. వెలుగు కాలంలో చాలా గ్రామ సంఘాలు బియ్యాన్ని టోకున కొని సభ్యులకు అప్పుగా ఇచ్చాయి. రోజు కూలి రోజే ఖర్చయ్యే ఇంటికి ఒకేసారి బస్తా కొనే స్తోమత ఉండదు. కిలో, అరకిలో చొప్పున చిల్లర ధరకు కొనక తప్పదు. పేదలే ఎక్కువ ధర పెట్టే ఈ పరిస్థితిని సంఘం తిప్పికొట్టింది. బస్తా ఒకేసారి ఇంటికి చేరింది, డబ్బు మాత్రం వాయిదాల్లో కట్టుకున్నారు. పనుల్లేని నెలల్లో తిండికోసం ఆసామి దగ్గర ముందస్తుగా కూలి డబ్బు తీసుకుని, తరువాత తక్కువ కూలికి ఆయన పొలంలోనే పనిచేయాల్సిన అగత్యం కొంత తగ్గింది. ఇది అంకెల్లో చిన్నదే. పేదవాడు బేరమాడగలిగే స్థితికి రావడం ఇక్కడే మొదలవుతుంది.

వడ్డీ ఆదా నుంచి ఆదాయం పెంపు దాకా మధ్యలో ఒక పెద్ద అంతరం ఉంది. గేదె కోసం అప్పు తీసుకున్న ఇంటిని తీసుకుందాం. గేదె ఏడాది పొడవునా పాలివ్వదు. వట్టిపోయిన నెలల్లోనూ దానికి మేత, దాణా కావాలి, వైద్యం కావాలి. కిస్తీ మాత్రం నెలనెలా వస్తుంది. ఒకే గేదె ఉన్న ఇల్లు ఆ నెలల్లో కిస్తీని కూలి డబ్బులోంచి కడుతుంది. కూలి దొరక్కపోతే మరో చోట అప్పు చేస్తుంది. రెండు గేదెలుండి అవి వేర్వేరు కాలాల్లో ఈనితే ఈ ఇబ్బంది రాదు. కానీ రెండు గేదెలు కొనగలిగిన ఇల్లు మొదటి నుంచీ అంత పేదది కాదు. అప్పు కొందరిని పైకి తెస్తుంది, కొందరిని ఉన్నచోటే తిప్పుతుంది అనడానికి కారణం ఆడవాళ్ల చొరవలో లేదు, డబ్బు వచ్చే వేళకూ పోయే వేళకూ పొంతన లేకపోవడంలో ఉంది.

2010 సంక్షోభం

సంఘాల విజయం మరో వ్యాపారానికి దారి వేసింది. పేద మహిళలు అప్పు తీరుస్తారని రుజువయ్యాక సూక్ష్మ రుణ సంస్థలు పల్లెలకు, బస్తీలకు వచ్చాయి. పైకి చూస్తే వాటి పద్ధతి సంఘం లాగే ఉండేది. లోపల పోలికే లేదు. వీటిలో ఎక్కువ భాగం బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలు కాబట్టి పొదుపు సేకరించే వీలు వాటికి లేదు. అంటే సభ్యురాలికి అప్పు ఉంటుంది, దాచుకున్న సొమ్ము ఉండదు. వసూలు వారం వారం. ఒకరు కట్టకపోతే మిగతావారు కట్టాలి. ఒకే మహిళకు మూడు నాలుగు సంస్థలు అప్పులివ్వడం, ఒకదాని కిస్తీకి మరోదాని దగ్గర అప్పు చేయడం మామూలైపోయింది. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని సంస్థల శాఖలను మూయించారు. అది హెచ్చరికగా మిగలాల్సింది. నాలుగేళ్ల తరువాత అదే వ్యవహారం రాష్ట్రమంతటా పునరావృతమైంది.

వసూళ్ల ఒత్తిడితో ఆత్మహత్యలు జరిగాయన్న వార్తల నడుమ 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థలు జిల్లాల్లో రిజిస్టరు చేయించుకోవాలని, వారం వారం కాకుండా నెలకోసారి వసూలు చేయాలని, అప్పటికే సంఘంలో అప్పున్న మహిళకు మళ్లీ ఇవ్వాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని నిర్దేశించింది. దాంతో వసూళ్లు ఒక్కసారిగా కుప్పకూలాయి. ఈ సంస్థల తీరును పరిశీలించడానికి రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా రిజర్వు బ్యాంకు ఈ సంస్థలకు ప్రత్యేక నిబంధనలు రూపొందించింది. సభ్యులకు అత్యవసర సమయాల్లో త్వరగా అప్పు అందించడానికి సమాఖ్యలు, ప్రభుత్వం కలిసి స్త్రీనిధి సహకార సంస్థను నెలకొల్పింది కూడా 2011లోనే.

ఆ ఏడాది కాలం నుంచి నేర్చుకోవలసిన విషయం సూటిగానే ఉంది. అప్పు దొరకడమే పేదరికానికి మందు అనుకుంటే, ఎంత ఎక్కువ అప్పు ఇస్తే అంత మేలు అన్న లెక్కకు చేరతాం. బాధితుల్లో చాలామంది అంతకు ముందు పొదుపు సంఘాల సభ్యులే. సంఘం వారికి అప్పు తీర్చే క్రమశిక్షణ నేర్పింది కానీ, ఎంత అప్పు తమ ఆదాయానికి మించుతుందో చెప్పే యంత్రాంగాన్ని ఇవ్వలేదు.

హైదరాబాద్ బస్తీలు చెప్పింది

సూక్ష్మ రుణాలు పేదరికాన్ని తగ్గిస్తాయా అన్న ప్రశ్నపై ప్రపంచంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే అధ్యయనాల్లో ఒకటి హైదరాబాద్‌లో జరిగింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు నగరంలోని 104 బస్తీలను ఎంచుకున్నారు. లాటరీ పద్ధతిలో సగం బస్తీల్లో ముందుగా ఒక సంస్థ శాఖలు తెరిచేలా ఏర్పాటు చేసి, తరువాత రెండు రకాల బస్తీల్లోని కుటుంబాలను పోల్చారు. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవారు అందులో ఎక్కువ పెట్టుబడి పెట్టారు. కొందరు మన్నికైన వస్తువులు కొనుక్కున్నారు, చిల్లర ఖర్చులు తగ్గించుకున్నారు. కానీ సగటు కుటుంబం మొత్తం వినియోగంలోనూ, పిల్లల చదువులోనూ, ఇంట్లో స్త్రీ మాటకున్న విలువలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

దీన్ని పొదుపు సంఘాల వైఫల్యంగా చదవకూడదు. ఆ అధ్యయనం పరిశీలించింది సూక్ష్మ రుణాన్ని, అదీ నగరంలో. అయినా అందులోని ఒక విషయం అన్ని పథకాలకూ వర్తిస్తుంది. వ్యాపారం చేసే అలవాటు, సరుకు అమ్ముకునే దారి ముందే ఉన్నవారికి అప్పు ఉపయోగపడింది. అవి లేనివారికి అదే అప్పు ఇంటి ఖర్చుగా కరిగిపోయింది.

నిరుపేదకు అప్పు కన్నా ముందు ఏం కావాలి

సంఘాల్లో ఎన్నో ఏళ్లుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. అందరికన్నా పేద మహిళ సంఘంలో చేరదు, లేదా చేరినా నిలవదు. ఒంటరి స్త్రీ, వికలాంగులున్న ఇల్లు, ఏడాదిలో సగం కాలం వలసలో ఉండే కుటుంబం ప్రతి సమావేశానికీ రాలేవు, ప్రతి నెలా పొదుపు కట్టలేవు. ఒకరు కట్టకపోతే సంఘం మొత్తానికి రేటింగు పడిపోతుంది కాబట్టి మిగతా సభ్యులకు కూడా వారిని చేర్చుకోవడం ఇష్టముండదు. సంఘానికి బలమైన నియమమే ఇక్కడ అడ్డుగోడ అవుతుంది.

బంగ్లాదేశ్‌లోని బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థకు ఇదే అనుభవం ఎదురైంది. 2002లో అది నిరుపేదల కోసం వేరే పద్ధతి ఎంచుకుంది. అప్పు ఇవ్వలేదు. ఆవో మేకలో కోళ్లో ఉచితంగా ఇచ్చింది. ఆ ఆస్తి నుంచి రాబడి మొదలయ్యేదాకా తిండికి కొంత సొమ్ము ఇచ్చింది, లేకపోతే ఆకలేసిన ఇల్లు మేకను అమ్ముకుంటుంది. పశుపోషణ నేర్పింది, పొదుపు చేయించింది. దాదాపు రెండేళ్లపాటు ఒక కార్యకర్త క్రమంగా ఇంటికి వచ్చి మంచిచెడ్డలు చూసుకుంది. ఆ గడువు ముగిశాకే కుటుంబాన్ని మామూలు సంఘాల వైపు నడిపించింది. ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్థాన్, పెరూల్లో ఈ పద్ధతిని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. సాయం ఆగిపోయిన ఏడాది తరువాత కూడా ఆ కుటుంబాల వినియోగం, ఆస్తులు మెరుగ్గానే ఉన్నాయని తేలింది. పశ్చిమ బెంగాల్‌లోని కుటుంబాలను పదేళ్ల తరువాత మళ్లీ కలిసినా తేడా చెరిగిపోలేదు.

తెలుగు పాఠకులు గమనించవలసిన ఉదాహరణ మాత్రం మెదక్ జిల్లాది. ఇదే పద్ధతిని అక్కడ అమలు చేసి అధ్యయనం చేస్తే మొత్తం ఆదాయంలో నికరంగా పెరుగుదల కనిపించలేదు. పశువుల మీద రాబడి పెరిగింది, కూలి రాబడి దాదాపు అంతే తగ్గింది. ఆ కాలంలో ఆ ప్రాంతంలో వ్యవసాయ కూలి రేట్లు పెరుగుతున్నాయి, పనులు దొరుకుతున్నాయి. పశువులు చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయిన మనిషి ఆ కూలి వదులుకుంది. కార్యక్రమంలో లేని ఇళ్లు పశువులు లేకుండానే కూలితో అంతే సంపాదించాయి. కొందరు ఇచ్చిన పశువును అమ్మి పాత అప్పు తీర్చుకున్నారు. ఆ ఇంటి వైపు నుంచి చూస్తే అది తెలివైన నిర్ణయమే.

బెంగాల్‌లో ఫలించిన పద్ధతి మెదక్‌లో ఎందుకు ఫలించలేదన్న ప్రశ్నకు జవాబు ఊరి కూలి మార్కెట్‌లో ఉంది. పని దొరకని చోట ఆస్తి ఇస్తే అది కొత్త ఆదాయమవుతుంది. పని దొరికే చోట ఆస్తి ఇస్తే ఒక ఆదాయం పోయి మరొకటి వస్తుంది. రాష్ట్రమంతటా ఒకే రకం యూనిట్లు పంచే పథకాలు దెబ్బతినేది ఇక్కడే. ఉత్తరాంధ్ర గిరిజన గూడెంలో పనికొచ్చింది గోదావరి డెల్టాలో పనికి రాకపోవచ్చు.

బిహార్ 2016లో మద్యనిషేధం విధించాక సారా, కల్లు అమ్మకాలపై బతికిన కుటుంబాల కోసం 2018లో సతత్ జీవికోపార్జన్ యోజన మొదలుపెట్టింది. బ్రాక్ పద్ధతే దానికి ఆధారం, కానీ దాన్ని జీవిక అనే అక్కడి ప్రభుత్వ సంస్థ మహిళా సంఘాల ద్వారా నడుపుతోంది. ఎవరు నిరుపేదలో గుర్తించడం కూడా గ్రామ సంఘం పనే. మన రాష్ట్రాల్లో ఉన్న గ్రామ సంఘాలు ఈ పని చేయగలవు. వెలుగు కాలంలో చేసిన అనుభవం వాటికి ఉంది.

మాఫీ ఎక్కడ దెబ్బ తీస్తుంది

2014 ఎన్నికల నాటి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా రుణాలు రాజకీయ హామీగా మారాయి. పసుపు–కుంకుమ కింద సభ్యురాలికి 10,000 రూపాయల చొప్పున ఇచ్చారు. తరువాతి ప్రభుత్వం ఆసరా పేరుతో 2019 ఏప్రిల్ 11 నాటికి ఉన్న బకాయిలను నాలుగు విడతల్లో చెల్లించింది. కుటుంబాల చేతికి ఆ సొమ్ము నిజంగానే చేరింది, కష్టకాలంలో ఆదుకుంది కూడా. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

నష్టం మరో చోట జరుగుతుంది. మాఫీ వస్తుందని తెలిశాక కిస్తీ కట్టినవారు నష్టపోయినట్టు, ఆపినవారు లాభపడినట్టు అవుతుంది. మాఫీ మాట వినబడ్డాక చాలా సంఘాలు కిస్తీలు ఆపాయి, బకాయిలు పెరిగాయి. తీర్మానాల పుస్తకంలో ఏళ్ల తరబడి పోగేసిన నమ్మకమే బ్యాంకు దగ్గర సంఘానికున్న ఆస్తి. అది కరిగితే నష్టపోయేది మాఫీ ప్రకటించినవారు కాదు, తరువాతి ఏడాది అప్పు కోసం బ్యాంకు మెట్లెక్కే మహిళ.

వడ్డీ లేని రుణాల్లోనూ ఇలాంటి మెలిక ఉంది. సభ్యులు ముందు వడ్డీతో సహా బ్యాంకుకు కడతారు, ప్రభుత్వం తరువాత తిరిగి జమ చేయాలి. ఆ జమ నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఆలస్యమైతే పేరుకు వడ్డీ లేని రుణం, చేతలో వడ్డీ ఉన్న రుణం. ఇచ్చే మొత్తం ఎంతన్నది ఎంత ముఖ్యమో, ఏ నెలలో వస్తుందన్నది అంతే ముఖ్యం. తేదీ నమ్మకంగా ఉంటే చిన్న సాయం మీద కూడా ఇల్లు ప్రణాళిక వేసుకోగలదు.

కొనేవారు ఎవరు?

కొంత కుదురుకున్న సంఘాలకు అప్పు కొరత ఇప్పుడు పెద్ద సమస్య కాదు. పచ్చళ్లు, అప్పడాలు, చీరల అంచులు, జనపనార సంచులు తయారు చేసే యూనిట్లు ప్రతి జిల్లాలో ఉన్నాయి. ప్రదర్శన పెట్టినప్పుడు అమ్ముడవుతాయి. ఆ పదిరోజులు దాటితే కొనేవారు లేక సరుకు నిలిచిపోతుంది. పక్కూరి సంఘం కూడా అవే పచ్చళ్లు పెడుతుంది.

నికరంగా నిలిచిన ఉదాహరణలను చూస్తే వాటిలో ఒక పోలిక కనిపిస్తుంది. కొనే పక్షం ముందే ఖాయమై ఉంటుంది. ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) కేంద్రాల్లో మహిళా సంఘాలు ధాన్యం కొనుగోలు చేస్తాయి. కళ్లంలో తేమ కొలవడం, తూకం, గోనె సంచుల లెక్క, లారీకి ఎత్తడం వారి బాధ్యత. దానికి కమీషన్ వస్తుంది. కొనేది ప్రభుత్వం కాబట్టి అమ్ముడుపోదన్న భయం లేదు. తెలంగాణలో మండల మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకు ఇవ్వడంలోనూ ఇదే సూత్రం ఉంది. రాబడి నెలనెలా వస్తుంది, కిస్తీ కూడా నెలనెలా పోతుంది. వట్టిపోయిన గేదె దగ్గర తప్పిన పొంతన ఇక్కడ కుదిరింది. అయితే బస్సు అద్దె సమాఖ్య ఖాతాలోకి వస్తుంది. అందులో ఎంత సభ్యురాలి ఇంటికి చేరుతోందన్నది వేరే లెక్క, దాన్ని విడిగా చూపించాలి.

1998లో కేరళ మొదలుపెట్టిన కుటుంబశ్రీ ఈ విషయంలో ముందుంది. అక్కడి సంఘాలు స్థానిక సంస్థలతో ముడిపడి ఉన్నాయి. పంచాయతీకి అవసరమైన క్యాంటీన్ అయినా, ఇంటింటి చెత్త సేకరణ అయినా కుటుంబశ్రీ మహిళలకే అప్పగిస్తారు. మన దగ్గర సమాఖ్యలు పంచాయతీలకు సమాంతరంగా ఎదిగాయి. అందువల్ల వాటికి స్వేచ్ఛ దొరికింది, కానీ తమ ఊరి పంచాయతీ పెట్టే ఖర్చులో వాటా దొరకలేదు. కటిక పేదరికం లేదని కేరళ చేసిన ప్రకటనపై గణాంకాల విషయంలో ఆర్థికవేత్తల్లో అభ్యంతరాలున్నాయి. అయినా 64,006 కుటుంబాలను గుర్తించి తిండి, ఆరోగ్యం, ఆదాయం, ఇల్లు అనే నాలుగింటిలో ఎవరికి ఏది తక్కువో చూసి ఇంటికో ప్రణాళిక వేసుకున్న పద్ధతి పరిశీలించదగినది.

ఆదాయం పెరిగితే కార్డు పోతుందన్న భయం

ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు ఆదాయ పరిమితి పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు. తెలంగాణలో ఏడాదికి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. ఆ గీత దాటితే బియ్యంతో పాటు మరెన్నో పథకాల అర్హత ఒకేసారి పోయే ప్రమాదం ఉంది. నెలకు వెయ్యి రూపాయలు ఎక్కువ సంపాదించి అంతకు మించి పోగొట్టుకునే పరిస్థితి ఇది. కొడుక్కి ఉద్యోగం రాగానే వేరు కాపురం చూపించడం, రాబడిని కాగితం మీద పెట్టకపోవడం దీని నుంచే పుట్టాయి. వాటిని మోసంగా కొట్టిపారేస్తే సమస్య అర్థం కాదు.

అమెరికాలో ప్రభుత్వ అద్దె సాయం పొందే కుటుంబాలకు 1990 నాటి చట్టంతో ఒక కార్యక్రమం వచ్చింది. అక్కడ ఆదాయం పెరిగితే కుటుంబం కట్టవలసిన అద్దె కూడా పెరుగుతుంది. ఈ కార్యక్రమంలో చేరినవారి విషయంలో ఆ పెరిగిన మేరకు సొమ్ము వారి పేరిట ప్రత్యేక ఖాతాలో జమ అవుతుంది. సాధారణంగా ఐదేళ్ల ఒప్పందం. పెట్టుకున్న లక్ష్యాలు చేరితే ఆ మొత్తం కుటుంబానికే ఇస్తారు. కష్టపడితే సాయం పోతుందన్న భయం తగ్గి, కష్టపడితే నిల్వ పెరుగుతుందన్న భరోసా వస్తుంది. గీత దాటిన కుటుంబానికి మన దగ్గరా కనీసం రెండు మూడేళ్లు కార్డు కొనసాగించి, ఆదాయం నిలకడగా ఉందని తేలాకే తొలగించే ఏర్పాటు చేయవచ్చు. చాలా ఇళ్లు పేదరికం నుంచి ఒకసారి బయటపడి, ఒక జబ్బుతోనో ఒక పంట నష్టంతోనో మళ్లీ జారిపోతాయి.

పీ4 ముందున్న ప్రశ్నలు

పై అనుభవాలతో చూస్తే పీ4లో ఒక మంచి అంశం ఉంది. వెంట ఉండి దారి చూపే మనిషి అవసరమని అది గుర్తించింది. బ్రాక్ పద్ధతిలోనూ ఆ మనిషి ముఖ్యమే. తేడా ఏమిటంటే అక్కడ కార్యకర్తకు అదే ఉద్యోగం, దాదాపు రెండేళ్లు క్రమంగా ఇంటికి వెళ్లవలసిందే. ఇక్కడ మార్గదర్శి స్వచ్ఛందంగా వచ్చిన వ్యాపారి కావచ్చు, ఉద్యోగి కావచ్చు, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువారు కావచ్చు. విదేశంలో ఉన్నవారు పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టగలరు, ఉద్యోగానికి దారి చెప్పగలరు. గేదె జబ్బు పడిన రోజు, రేషన్ కార్డులో పేరు తప్పు పడిన రోజు, కిస్తీ తప్పబోతున్న వారం ఆ ఇంటికి కావలసింది ఊళ్లో ఉన్న మనిషి. ఆ పని గ్రామ సంఘం సహాయకురాలు ఇప్పటికే ఎంతో కొంత చేస్తోంది. మార్గదర్శి సాయాన్ని ఆమె ద్వారా నడిపితే రెండూ కలిసి పనిచేస్తాయి. ఆమెను పక్కన పెట్టి కొత్త వ్యవస్థ కడితే సాయం ఫోటోలతో ఆగిపోయే ప్రమాదం ఉంది.

కొలమానం కూడా ముందే తేల్చుకోవాలి. ఎన్ని కుటుంబాలను దత్తత తీసుకున్నారన్నది ఇచ్చేవారి లెక్క. మూడేళ్ల తరువాత ఆ ఇంటికి నికరంగా ఎంత ఆదాయం వస్తోంది, బయటి అప్పు ఎంత తగ్గింది, పిల్లలు ఏ తరగతి వరకు చదివారు, ఒక నెల పని దొరక్కపోతే ఇల్లు గడుస్తుందా అన్నది అందుకున్నవారి లెక్క. ఈ వివరాలను కార్యక్రమంలో చేరిన రోజే రాసిపెట్టుకోకపోతే తరువాత పోల్చడానికి ఏమీ ఉండదు. మెదక్ అధ్యయనంలో కార్యక్రమంలో లేని కుటుంబాలను కూడా లెక్కించారు కాబట్టే అసలు విషయం బయటపడింది. బంగారు కుటుంబాలను మాత్రమే చూస్తే రాబడి పెరిగినట్టే కనిపిస్తుంది. పక్క వీధిలో ఏ సాయమూ అందని ఇల్లు ఆ మూడేళ్లలో ఎంత పెరిగిందో కూడా రాస్తేనే ఆ పెరుగుదలలో పథకం వాటా ఎంతో తేలుతుంది.